బాక్సు మీద బరకం

మామిడి పూత చూసి మురిసిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. బాపులపాడు దాటి నూజివీడు రోడ్డెక్కగానే కార్లు ఆపుతారు. పూత గుత్తుల పక్కన మొహాలు పెట్టి ఫోటోలు దిగుతారు. "అబ్బ, ఏం వాసనో" అంటారు. ఆ వాసనలో సగమే పూతది. మిగతా సగం ముందురోజు ట్రాక్టరు మీద డ్రమ్ము పెట్టుకొచ్చి చెట్టు కొసదాకా చిమ్మిన పురుగుమందుది. ఈ సంగతి మా వైపు పుట్టినవాళ్ళందరికీ తెలుసు. పైకి అనరు, అంతే. నేను అంటాను. చిన్నప్పుడు నాకు వస కాస్త ఎక్కువే పోశారని మా అమ్మ చెప్పేది. పెళ్ళయ్యాక అత్తవారింట్లో నాకు పడిన పేరు కూడా వసపిట్టే.

ఆ వసపిట్టకి గొంతు పోయింది. బెజవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి జీవశాస్త్రం చెప్పాను. కిక్కిరిసిన గదుల్లో మైకు లేకుండా అరిచి అరిచి, చివరికి గొంతులో కాయలు కాశాయి. మాట తగ్గించమన్నారు డాక్టర్లు. మాట తగ్గించిన టీచర్ని కాలేజీ ఏం చేసుకుంటుంది? దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపించారు. శాలువా మాత్రం మంచిదే.

గొంతు కోసం తిరిగి తిరిగి ఒక ఆయుర్వేద డాక్టరు గారి దగ్గర తేలాను. పెద్దాయన. ఇంటి ముందు గదిలోనే కూర్చుని చూస్తారు. ఆయన వైద్యంలో సగం పచ్చి ఆకులే. సరస్వతి ఆకు రసం, గుంటగలగర, తులసి, అరగదీసిన వసకొమ్ము. వచ్చేవాళ్ళలో పిల్లలే ఎక్కువ. మాట ఆలస్యమైనవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు. ఆ ఆకుతో నా గొంతు తిరిగొచ్చేసిందని చెప్తే అబద్ధం. కాస్త నెమ్మదించింది. కానీ ఒకరోజు ఆయన బుట్టలోంచి గుప్పెడు ఆకు తీసి నాకు చూపించారు.

"ఇది చూడండమ్మా. ఏ మురుగుకాలవ గట్టున కోశాడో, ఏ మందు కొట్టిన చేలో కోశాడో నాకు తెలీదు. దీన్ని పిండి పసిపిల్ల నోట్లో పోయాలి. ఉడికించేది కాదు, ఆరబెట్టేది కాదు. మంచి ఆకు ఎవరన్నా పెంచి ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకుంటాను."

"నేను పెంచుతానండి" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. నోరు ఊరుకోదు కదా.

ఆయన నవ్వలేదు. "పెంచండి. ఒక్కటే షరతు. దాని మీద చుక్క పురుగుమందు పడకూడదు. ల్యాబుకి పంపించి చూపించుకుంటాను. ఒక్కసారి తేడా వచ్చిందా, మళ్ళీ మీ ఆకు నా గడప తొక్కదు. మీరేం అనుకోవద్దు" అన్నారు.

నేనేమీ అనుకోలేదు. కాలేజీ పోయాక పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలియక, శుభ్రంగా ఉన్న గిన్నెలే మళ్ళీ తోముకుంటున్న రోజులవి. నాకంటూ ఒక పని దొరికిందనుకున్నాను. ఆ షరతు నిలబెట్టుకోవడమే ఇక నా బతుకు అనుకున్నాను కూడా.

పని దొరికితే సరా, చోటు కావాలి. మా అత్తవారి మామిడితోట ముసునూరు దగ్గర. రసాలు, బంగినపల్లి, గట్టు వెంట కొన్ని కలెక్టరు చెట్లు. అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడి. మా ఆయనది బెజవాడలో ఆఫీసు ఉద్యోగం. తోట చూసేది మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. తోటలోనే ఇల్లు కట్టుకుని ఆయనా, మా తోటికోడలూ ఉంటారు. ఆవిడని నేను అక్కా అంటాను.

బావగారి గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. మంచి మనిషి. కోపం లేదు, కుళ్ళు లేదు. కానీ తమ్ముడి భార్యతో మొహం చూసి మాట్లాడరు. మా అత్తవారి పద్ధతి అది. మరదలు ఎదురుపడితే పక్కకి తప్పుకోవడం, ఏదన్నా చెప్పాల్సివస్తే ఇంకొకరితో చెప్పించడం. నేను ఎదురుగా నిలబడే ఉంటాను. ఆయన అక్క వైపు చూసి "కాఫీ తాగి వెళ్ళమని చెప్పు" అంటారు. నేనూ అక్క వైపే చూసి "తాగానని చెప్పక్కా" అంటాను. అక్క మధ్యలో నిలబడి ఇద్దరివీ విని, ఎవరికీ ఏమీ చెప్పకుండా నవ్వుకుంటూ లోపలికి పోతుంది. ఇదంతా గౌరవమట. కొత్తలో నాకూ ముచ్చటగానే ఉండేది. ఇన్నేళ్ళయినా ఆయన ఫోన్లో నా నంబరు లేదు, నాకు ఆయనెప్పుడూ ఫోన్ చేయలేదు.

తోటలో బోరు పక్కన ఒక మూల ఖాళీగా ఉండేది. చుట్టూ నాలుగు చిన్నరసం చెట్లు. ఆ మూల అడిగాను. అంటే, మా ఆయన చేత అడిగించాను. ఒక ఆదివారం భోజనాల దగ్గర బావగారు అందరి ముందూ అక్కతో అన్నారు. "ఆ మూల చిన్నకోడలిదని చెప్పు. అక్కడ ఏం వేసుకున్నా, ఏం మానుకున్నా ఆవిడ ఇష్టం. ఆ నాలుగు చెట్లకీ మందు కొట్టించను." నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఇంట్లో నాది అని ఎవరన్నా అన్న మొదటి వస్తువు అదే.

ఆకు నేలలో వేయలేదు. మా నేలలో ఎన్నేళ్ళ మందు ఇంకి ఉందో ఎవరికి తెలుసు. చేపల నీళ్ళతో పెంచే పద్ధతి పెట్టించాను, ఆక్వాపోనిక్స్ అంటారు. చెప్పడానికి సులువే. ఒక పెద్ద తొట్టిలో తిలాపియా చేపలు. అవి తిని వదిలినదానితో నీళ్ళు పాడవుతాయి. ఆ నీళ్ళని మోటారు కంకర నింపిన తొట్లలోకి తోడుతుంది. కంకరలో ఉండే సూక్ష్మజీవులు ఆ మలినాన్ని ఎరువుగా మారుస్తాయి. అందులో నాటిన మొక్కలు ఎరువు తాగేసి, బాగుపడిన నీళ్ళని మళ్ళీ చేపలకి వదులుతాయి. చేప మొక్కని సాకుతుంది, మొక్క చేపని సాకుతుంది. ఇందులో ఆకు మీద మందు కొట్టి, కొట్టలేదని బొంకడం ఎవరి వల్లా కాదు. ముందు చేపలే చచ్చి చెప్తాయి. నాకు నచ్చింది అదే.

నేనుండేది బెజవాడలో, రోజూ వెళ్ళిరావడం కుదరదు. అందుకని తొట్టి పక్కన ఇనుప స్తంభం పాతి, దానికొక బాక్సు బిగించారు. లోపల సిమ్ కార్డు, పైన చిన్న సోలార్ పలక, ఒక కెమెరా. బాక్సు నుంచి తీగలు నీళ్ళలోకి దిగుతాయి. నీళ్ళ వేడి, అందులో ప్రాణవాయువు, అమ్మోనియా, నీటి మట్టం, మోటారు తిరుగుతోందా ఆగిందా, అన్నీ నా ఫోన్లో కనపడేవి. బాగుంటే ఆకుపచ్చ రంగు. తేడా వస్తే ఎరుపు, దాంతోపాటు కీచుమని ఒక చప్పుడు. వంటింట్లో పోపు వేస్తూ ముసునూరులో నీళ్ళు చూసుకునేదాన్ని. కరెంటు పోయి మోటారు ఆగితే తోటలో ఉన్నవాళ్ళకంటే నాకే ముందు తెలిసేది. అక్కకి ఫోన్ చేస్తే వెళ్ళి ఇన్వర్టరు మీదకి మార్చేది.

"మా ఇంట్లో కరెంటు పోయిందని బెజవాడ నుంచి నువ్వు చెబితేగానీ తెలియట్లేదే నాకు" అని నవ్వేది అక్క. పొద్దున్నే చేపలకి మేత వేసేదీ ఆవిడే. గాజుల చప్పుడు వినగానే చేపలన్నీ ఒక పక్కకి వచ్చేస్తాయని మురిసిపోయేది.

మా ఆయనకి మాత్రం ఒళ్ళు మండేది. "నాకు జ్వరం వస్తే నా నుదురు ఇన్నిసార్లు చూశావా?" అన్నారు ఒకసారి.

"మీకు సిమ్ కార్డు లేదుగా" అన్నాను.

మొదటి ఏడాది నీళ్ళు కుదురుకోవడానికే సరిపోయింది. రెండో ఏడు ఆకు అందుకుంది. సరస్వతి ఆకు తొట్టి అంచులు దాటి కిందికి జారింది. వస దుబ్బులు కట్టింది. గుంటగలగర పూలు తెల్లగా, చిన్న చిన్న గుండీల్లా. గుప్పెడు కోసి డాక్టరు గారికి పట్టుకెళితే వేళ్ళతో నలిపి వాసన చూసి, ల్యాబుకి పంపించారు. ఏమీ లేదని తేలింది. ఆయనే ఫోన్ చేశారు. "మాఘమాసం వెళ్ళాక మొదటి కోత నేనే తీసుకుంటానమ్మా. అదీ ఇలాగే ఉంటే ఇక వారం వారం మీ ఆకే" అన్నారు. ఆ రోజు నా బొంగురు గొంతుతో ఇంట్లో పాట పాడాను. మా ఆయన తలుపు వేసుకున్నారు.

ఇంతలో తోటలు పూతకొచ్చాయి.

పూత మీద తేనెమంచు పురుగు పడుతుంది. పూత రసం పీల్చేసి, ఆకుల మీద జిగురు కార్చి, పిందె నిలవకుండా చేస్తుంది. ఒక్క చెట్టుని వదిలేసినా అక్కడ పెరిగి పక్క తోటకి ఎగబడుతుందని మా వాళ్ళ భయం. పూత రోజుల్లో మందు కొట్టకుండా చెట్టుని వదిలేసినవాడు ఊరికి పగవాడు. నా నాలుగు చెట్లూ అలా నిలబడ్డాయి. నేనేమీ చేయలేదని కాదు. కొమ్మలకి జిగురు పూసిన పసుపు అట్టలు కట్టించాను, పొగ వేయించాను. అయినా "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అన్నారు. పక్క తోటని కౌలుకి తీసుకున్నాయన బావగారి దగ్గరకొచ్చి, "మీ ఇంట్లో చదువుకున్నావిడ పురుగుని సాకుతోందంటగా అండీ" అన్నాడట. ఇవన్నీ అక్క నాకు ఫోన్లో చెప్పేది.

"నాకు మాటిచ్చారని గుర్తుచేయక్కా" అన్నాను.

"చేశానే. గుర్తుందని చెప్పమన్నారు" అంది.

నాకది చాలుననిపించింది. ఆ వారంలోనే అక్క వాళ్ళ చెల్లెలి మనవడి అన్నప్రాశనకి విస్సన్నపేట వెళ్ళింది.

ఆవిడ వెళ్ళిన మర్నాడు పొద్దున నా ఫోన్లో కెమెరా నల్లబడింది. నీళ్ళ సంగతులన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. వేడి బాగుంది, ప్రాణవాయువు బాగుంది, మోటారు తిరుగుతోంది. బొమ్మ మాత్రం కటిక చీకటి. మా ఆయన అప్పుడే ఆఫీసుకి వెళ్ళారు. ఫోన్ చేశాను.

"ఏ నెట్‌వర్కో పోయుంటుంది. ఊరికే కంగారు పడకు."

"నెట్‌వర్కు పోతే నీళ్ళ సంగతి ఎలా వస్తోందండీ?"

"కెమెరాది వేరేమో. నీళ్ళు బాగానే ఉన్నాయిగా. మీటింగులో ఉన్నాను" అని పెట్టేశారు.

మధ్యాహ్నానికి బొమ్మ దానంతటదే వచ్చింది. ఆకు తొట్లు కనపడ్డాయి. ఆకులన్నీ తడితడిగా మెరుస్తున్నాయి. అక్క లేకపోయినా బావగారు శ్రద్ధగా పైనుంచి నీళ్ళు చల్లించారు కాబోలు అనుకుని, చెప్పడానికి సిగ్గుగా ఉంది, మనసులో ఆయనకి దండం కూడా పెట్టుకున్నాను. చేపల తొట్టి మీద ఎండ పడకుండా పచ్చటి వల ఉంటుంది. కెమెరాకి లోపల కనపడదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఊరి నుంచి వచ్చీ రాగానే మేత గిన్నె పట్టుకుని వెళ్ళింది. అక్కడి నుంచే ఫోన్ చేసింది. "అమ్మాయ్, చేపలు మేతకి రాట్లేదే. పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. అన్నీ."

నేను ఆవిడతో మాట్లాడుతుండగానే చెవి దగ్గర కీచుమంది. అమ్మోనియా, ఎరుపు. చచ్చిన చేపలు కుళ్ళడం మొదలయ్యాక నా యంత్రానికి సంగతి తెలిసింది. దాన్ని అనడానికి లేదు. నీళ్ళలో పురుగుమందు ఉందో లేదో చూడమని దానికి ఎవరూ నేర్పలేదు. మామిడి దేశంలో పెట్టే యంత్రానికి ముందు నేర్పాల్సింది అదేనని చేసినవాళ్ళకీ తట్టలేదు, కొన్న నాకూ తట్టలేదు.

మా ఆయన సెలవు దొరకదన్నారు. బస్సెక్కి నూజివీడు, అక్కడి నుంచి ఆటో. తోట గేటు దగ్గరే వాసన కొట్టింది. నాకు బాగా తెలిసిన వాసన. వల తీసేసి ఉంది. తొట్టి నిండా తెల్లటి పొట్టలు. అక్క పమిట కొంగు ముక్కుకి పట్టుకుని నిలబడింది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. బావగారు కాస్త దూరంగా, తువ్వాలు భుజం మీద వేసుకుని, బోరు వైపు చూస్తూ నిలబడ్డారు. స్తంభం మొదట్లో కొత్త బరకం ఒకటి, ధాన్యం రాశులు తడవకుండా కప్పుతారే, ఆ ప్లాస్టిక్ బరకం, నాలుగు మడతలు పెట్టి తాడు చుట్టి ఉంది. పైన నా బాక్సు అద్దంలా ఉంది.

నేను నోరు తెరవకముందే బావగారు అక్కతో అన్నారు. "బాక్సు మీద చుక్క పడలేదని చెప్పు. తమ్ముడు మరీ మరీ చెప్పాడు, ఏదేమైనా బాక్సు జాగ్రత్త అన్నయ్యా, ఖరీదైందీ అని. కొత్త బరకం తెప్పించి, కెమెరాతో సహా నేనే దగ్గరుండి చుట్టించాను."

ఆ మాటలో గర్వం ఉంది. పాపం, నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నారు ఆయన. కెమెరా ఎందుకు నల్లబడిందో నాకు తెలిసింది. ఆకు ఎందుకు మెరిసిందో తెలిసింది. మా ఆయన మీటింగు ఏమిటో తెలిసింది. బాక్సుకి బరకం కప్పాలని ఇద్దరు మగవాళ్ళకి తోచింది. పక్కనే నోరులేని ప్రాణులు ఈదుతున్నాయి, పసిపిల్లల నోట్లో పోసే ఆకు పెరుగుతోంది. వాటి మీద గుడ్డపీలిక కూడా వేయలేదు.

"బావగారూ" అన్నాను.

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆయన్ని నేరుగా పిలవడం అదే మొదలు. అక్క నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

"ఈ మూల నాదన్నారు. కొట్టించనని మాటిచ్చారు. కొట్టించే ముందు నాకొక్క ఫోన్ ఎందుకు చేయలేదు?"

ఆయన తల దించుకున్నారు. చేపలు చచ్చినందుకు వచ్చిన సిగ్గు కాదది. ఆడమనిషి మొహం చూసి అడిగినందుకు వచ్చింది. అక్కతోనే అన్నారు. "తమ్ముడి పెళ్ళానికి నేను ఫోన్ చేయడం ఏంటి? వాడికి చేశాగా. పక్కతోటాయన ట్రాక్టరుతో సహా వచ్చి గట్టు మీద నిలబడ్డాడు, కాదంటే తన తోట మొత్తం పోతుందన్నాడు. నాలుగు చెట్లేగా, కానీయ్ అన్నాడు తమ్ముడు. ఆవిడకి చెప్పే ఉంటాడనుకున్నా. చేపలు నీళ్ళల్లోనేగా ఉండేది, వాటికేం అవుతుందనుకున్నా."

అదీ సంగతి. ముసునూరు తొట్టిలో నీళ్ళు వెచ్చబడితే నాకు క్షణంలో తెలుస్తుంది. నా చెట్ల మీద విషం కొట్టబోతున్నారని మాత్రం అన్న తమ్ముడికి చెప్పాలి, తమ్ముడు నాకు చెప్పాలి. ఆ తమ్ముడు చెప్పలేదు. నీళ్ళతో నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు చేసుకున్నాను గానీ, ఇంట్లో మనుషులతో చేసుకోలేకపోయాను.

సాయంత్రం బెజవాడ తిరిగొచ్చేసరికి మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగుతున్నారు. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు" అన్నారు. అని, కాఫీ చల్లారిపోతుందన్నట్టు గ్లాసు చూసుకున్నారు. "అన్నయ్య మాట పోతుందనుకున్నాను. గొడవెందుకని. చేపలు చస్తాయని నేను కలగన్నానా? పోనీ, మళ్ళీ వేసుకుందాం."

నేను అరవాలనుకున్నాను. గొంతు రాలేదు. ఊపిరి బయటికి పోయింది, అంతే. ఆయన అది చూసి, నేను శాంతించాననుకున్నారు.

తర్వాత చుట్టాలూ పక్కాలూ తలా ఒక మాట. ఎవరి తప్పూ లేదట. బావగారు తమ్ముణ్ణి అడిగే కొట్టించారు. తమ్ముడు అన్నకి ఎదురుచెప్పలేదు. కౌలుదారు తన తోట కాపాడుకున్నాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. వీళ్ళలో ఒకావిడ ఇంకో సలహా ఇచ్చింది. "ఆకు పచ్చగానే ఉందంటగా. శుభ్రంగా ఉప్పునీళ్ళలో కడిగి పంపించెయ్. చేపలు చచ్చాయని ఆకు మీద రాసుంటుందా ఏంటి?"

రాసి ఉండదు. అదే నన్ను భయపెట్టింది. ఆ ఆకు నిజంగానే ఎప్పుడూ లేనంత అందంగా ఉంది. డాక్టరు గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఇంటి సంగతి చెప్పడానికి నాకు నామోషీగానే ఉంది, అయినా చెప్పాను.

"చెప్పారు, సంతోషమమ్మా. చెప్పకుండా పంపేవాళ్ళే ఎక్కువ" అన్నారు.

"నీళ్ళు మార్చి, కంకర కడిగించి, మొదటి నుంచి వేస్తానండి. వచ్చే ఏడు..."

"వచ్చే ఏడు మామిడి పూత రాదామ్మా?" అన్నారు ఆయన. దెప్పిపొడుపు లేదు అందులో. నిజంగానే అడిగారు. "మీ తప్పు కాదు. కానీ నేను పసిపిల్లల నోట్లో పోసేది. మామిడి చెట్టు లేనిచోట పెంచగలిగితే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను."

నూజివీడు చుట్టుపక్కల మామిడి చెట్టు లేని చోటట. ఆయన షరతు ముందే చెప్పారు, నేనేమీ అనుకోవడానికి లేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

ఆ ఆదివారం వెళ్ళి అక్కా నేనూ కలిసి ఆకంతా పీకేశాం. పశువులు తినకుండా, చేపల్ని పాతిన గొయ్యి మళ్ళీ తీయించి, వాటి మీదే వేసి పూడ్చాం. ఉత్త తొట్టి దగ్గర నిలబడి అక్క చేతి గాజులు ఒకసారి ఆడించింది. ఏం గుర్తొచ్చిందో, పమిట నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పోయింది. ఆ ఇంట్లో నాతోపాటు ఏడ్చింది ఆవిడ ఒక్కతే.

ఎండాకాలం వచ్చింది. మే నెలలో తోట నుంచి కాయ వచ్చింది, గడ్డి పరిచిన బుట్టలో. బావగారు పంపించారు. మా ఆయన బుట్ట విప్పుతూ, "ఇవి నీ నాలుగు చెట్ల కాయలేనంట. విడిగా కోయించి, విడిగా మాగవేయించి పంపాడు అన్నయ్య. నీ మూలలోవి నీకే చెందాలన్నాడట" అన్నారు. ఒక రసం తీసుకుని వేళ్ళతో నలిపి, ముచిక తుంచి చప్పరించారు. "తిని చూడు. ఈ ఏడు తోట మొత్తంలో వీటికున్న కాపు దేనికీ లేదంట. ఊరికే అనకూడదు గానీ, మందు పడబట్టేగా."

తిన్నాను. తియ్యగా ఉంది. తియ్యగా ఉన్నందుకు నాకు ఏడుపొచ్చింది. పుల్లగానో, పురుగుపట్టో ఉంటే పోనీలే అనుకునేదాన్ని.

"మీ అన్నగారికి చెప్పండి, కాయ బాగుందని" అన్నాను.

"నువ్వే చెప్పొచ్చుగా" అన్నారు మా ఆయన, తన ఫోన్లో నంబరు నొక్కి నా చేతికిస్తూ. "అన్నయ్య సంతోషిస్తాడు."

మెచ్చుకోవడానికైతే నేను నేరుగా మాట్లాడొచ్చన్నమాట. ఫోన్ చెవికి పెట్టుకున్నాను. అటు మోగుతోంది. కాయ సంగతి చెప్పాలని కాదు. ఆయన నాకొక మాటిచ్చారనీ, ఆ మాట తప్పేటప్పుడు తమ్ముణ్ణి కాదు, నన్నే అడగాల్సిందనీ, నాకు పోయింది చేపలు కాదనీ, ఈ బొంగురు గొంతుతోనే ఒక్కసారి, కోపం లేకుండా, ఆయనకే చెప్పాలని. మాటలు కూడబలుక్కున్నాను.

బావగారు ఎత్తారు. "చెప్పరా" అన్నారు, తమ్ముడనుకుని.

"బావగారూ, నేనండీ. మీతో ఒక మాట..."

అటు గాభరాగా దగ్గు వినపడింది. కుర్చీ జరిగిన చప్పుడు.

"ఉండమ్మా, మీ అక్కకిస్తున్నా" అన్నారు.